రాగిరేకు మీది సంవత్సరం, కాగితం వయసు

బైబిలు ఘట్టాలను చూపే పాత ఎన్‌గ్రేవింగుల (రేకు మీద గాని చెక్క మీద గాని చెక్కి అచ్చు వేసిన చిత్రాల) గురించి వచ్చిన నాలుగు ఉత్తరాలకు ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం. మొదటి ఉత్తరంలోని సందేహాలు తక్కినవారికీ ఉండేవే కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాం.

ప్రశ్న: మా పెద్దల నుంచి నాకొక పాత ముద్రిత చిత్రం సంక్రమించింది. వెడల్పు సుమారు 27 సెంటీమీటర్లు, ఎత్తు 20 ఉంటుంది. నది ఒడ్డున ఒక కుర్రవాడు పెద్ద చేపను మొప్పల దగ్గర పట్టుకుని బయటికి లాగుతున్నాడు. పక్కన రెక్కలున్న దేవదూత ఎడమ చెయ్యి ఎత్తి ఏదో చెబుతున్నాడు. వాళ్ల కాళ్ల దగ్గర చిన్న కుక్క ఉంది. కింద రెండు పంక్తుల లాటిన్ పద్యం, ‘తోబ్. 6’ అనే గుర్తు, రోమన్ అంకెల్లో 1598, మూడు పేర్లు ఉన్నాయి. పేర్ల పక్కన ‘ఇన్వ్.’, ‘స్కల్ప్.’, ‘ఎక్స్‌కుడ్.’ అనే పొట్టి మాటలున్నాయి. నా బైబిలులో ఈ కథ ఎంత వెతికినా దొరకలేదు. ఇది ఏ ఘట్టం? ముగ్గురిలో చిత్రకారుడెవరు? ఈ కాగితం నిజంగా 400 ఏళ్లు దాటినదేనా?

జవాబు: అది తోబీతు గ్రంథం ఆరవ అధ్యాయంలోని ఘట్టం. నీనెవెలో చెరలో ఉన్న తోబీతు అనే వృద్ధుడికి చూపు పోతుంది. మాదీయ దేశంలో ఒకరి దగ్గర దాచిన సొమ్ము తెచ్చుకోవడానికి ఆయన కొడుకు తోబియాను పంపుతాడు. దారి తెలిసినవాడినని తోడు వచ్చిన మనిషి నిజానికి రఫాయేలు దేవదూత. మొదటి మజిలీలో కుర్రవాడు కాళ్లు కడుక్కోవడానికి టిగ్రిస్ నదిలో దిగితే పెద్ద చేప మీదికి వస్తుంది. దేవదూత చెప్పినట్టు దాన్ని ఒడ్డుకు లాగి, గుండె, కాలేయం, పిత్తం తీసి భద్రపరుస్తాడు. ఇంటికి తిరిగి వచ్చాక ఆ పిత్తంతోనే తండ్రికి చూపు వస్తుంది. కుక్క చిత్రకారుడి సరదా కాదు, అది వాళ్ల వెంట నడిచిందని గ్రంథంలోనే ఉంది. కథోలిక, ఆర్థడాక్స్ బైబిళ్లలో ఈ పుస్తకం ఉంటుంది. ప్రొటెస్టంట్లు దీన్ని ప్రామాణిక గ్రంథాలలో చేర్చుకోలేదు కాబట్టి వారి బైబిళ్లలో సాధారణంగా కనిపించదు. యూదితు కథ, దానియేలు గ్రంథంలో చేరిన సూసన్న కథ కూడా ఇలాంటివే. పాత చిత్రంలో కత్తి, తెగిన తల, సంచి పట్టుకున్న దాసి కనిపించినా, స్నానం చేస్తున్న స్త్రీని ఇద్దరు ముసలివాళ్లు పొంచి చూస్తున్నా, మీ బైబిలులో ఆ ఘట్టం దొరకకపోవడానికి కారణం ఇదే.

మీరు రాసిన ఒక చిన్న వివరం చాలా విలువైనది. కుర్రవాడు చేపను మొప్పల దగ్గర పట్టుకున్నాడన్నారు. చేపను పట్టుకోమన్న మాట గ్రీకు పాఠంలోనూ ఉంది గాని, మొప్ప పట్టుకుని నీ వైపు లాగమని స్పష్టంగా చెప్పేది వుల్గాత అనే లాటిన్ బైబిలు. చిత్రాన్ని ఊహించినవాడు ఆ వాక్యాన్ని చదివో, చదివినవారి నోట వినో గీశాడన్నమాట. ఇలాంటి చిత్రాల కింద ఉండే అధ్యాయ సంఖ్యలు కూడా ఎక్కువగా వుల్గాత లెక్కలోనే ఉంటాయి. అందులో సమూయేలు గ్రంథాలు రెండూ రాజుల గ్రంథాలతో కలిసి నాలుగుగా లెక్కకు వస్తాయి. అందువల్ల దావీదు గొల్యాతుల చిత్రం కింద ‘1 రెగ్. 17’ అని ఉంటే, మీరు తెరవవలసింది మొదటి రాజుల గ్రంథం కాదు, మొదటి సమూయేలు గ్రంథం. కీర్తనల సంఖ్య కూడా చాలా చోట్ల ఒకటి తక్కువగా ఉంటుంది.

ఇక మూడు పేర్ల సంగతి. ‘ఇన్వెనిట్’ అంటే కల్పించాడు అని అర్థం, అంటే చిత్రాన్ని ఊహించి గీసినవాడు. ‘స్కల్ప్‌సిట్’ అంటే చెక్కాడు, అంటే ఆ గీతను రాగిరేకు మీదికి ఎక్కించినవాడు. ‘ఎక్స్‌కుడిట్’ అనే మాట ఉన్న పేరు ప్రచురణకర్తది. రేకు సొంతదారు అతనే, అచ్చు వేయించి అమ్మేదీ అతనే. వీటికి తోడు కొన్ని చిత్రాల మీద ‘పిన్‌క్సిట్’, అంటే రంగులతో చిత్రించాడు అనీ, ‘డెలినెయావిట్’, అంటే గీశాడు అనీ, ‘ఫెకిట్’, అంటే చేశాడు అనీ ఉంటాయి. ‘కుమ్ ప్రివిలేజియో’ అని కనిపిస్తే, ఇతరులు నకలు వేయకుండా పాలకుల నుంచి అనుమతి పొందినట్టు. ప్రసిద్ధ చిత్రకారుడు రూబెన్స్ పేరు కనిపించగానే ఆయన స్వహస్తాలతో చెక్కినదని సంబరపడేవారు చాలామంది. ఆయన ‘సిలువ నుండి దించుట’ చిత్రాన్ని 1620లో రాగి మీద చెక్కినవాడు లూకాస్ ఫోర్‌స్టర్‌మాన్. ఈ జవాబు రాస్తున్నవారు కూడా ఒకప్పుడు ‘స్కల్ప్‌సిట్’ అనేది ఎవరిదో ఇంటిపేరు అనుకున్నారు, కాబట్టి ఈ పొరపాటును చూసి నవ్వే అర్హత మాకు లేదు.

దేవదూత ఎడమ చెయ్యి ఎత్తడానికీ కారణం ఉంది. రేకు మీద ఎలా చెక్కితే కాగితం మీద దానికి అద్దంలో బింబంలా తిరగబడి పడుతుంది. మూలచిత్రాన్ని ఉన్నది ఉన్నట్టుగా రేకు మీదికి దించితే, అచ్చులో కుడి చేతులన్నీ ఎడమ చేతులవుతాయి. జాగ్రత్తపరులైన చెక్కడపు పనివారు అద్దంలో చూస్తూ ముందే తిప్పి చెక్కేవారు. తొందర ఉన్నవారికి అంత ఓపిక ఉండేది కాదు. అబ్రాహాము ఎడమ చేత కత్తి ఎత్తినా, క్రీస్తు ఎడమ చేత ఆశీర్వదించినా, ఒక మూలచిత్రాన్ని గాని మరొక ముద్రణను గాని చూసి చెక్కి ఉంటారని అనుమానించాలి. అంత మాత్రాన అది నకిలీ కాదు. పాత ముద్రణలను చూసి కొత్త రేకులు చెక్కుకోవడం ఆ రోజుల్లో మామూలే.

మీ అసలు ప్రశ్నకు వస్తే, 1598 అనేది రేకు మీది సంవత్సరం. ఆ రేకు నుంచి మీ కాగితం ఎప్పుడు అచ్చయిందో ఆ అంకె చెప్పదు. రాగిరేకు ఒక ఆస్తి. తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది, తాకట్టుకు వెళ్లేది, వేలంలో చేతులు మారేది. కొత్త సొంతదారు పాత ప్రచురణకర్త పేరును గీకి, ఆ చోటును నునుపు చేసి, తన పేరు చెక్కించుకునేవాడు. సంవత్సరాన్ని ఒక్కోసారి మార్చేవాడు, చాలాసార్లు అలాగే వదిలేసేవాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో క్లాస్ యాన్స్ విస్‌షర్ 16వ శతాబ్దపు పాత రేకులను సేకరించి, వాటితో ‘థియేట్రుమ్ బిబ్లికుమ్’ అనే పెద్ద బైబిలు చిత్రసంపుటాన్ని 17వ శతాబ్దంలో వేశాడు. గీసినవాడూ, చెక్కినవాడూ పోయాక దశాబ్దాలకు కూడా వాళ్ల పేర్లతో కొత్త కాగితాలు వస్తూనే ఉన్నాయి. అందుకే మీ చిత్రంలో ‘ఎక్స్‌కుడిట్’ పక్కనున్న పేరును భూతద్దంతో చూడండి. ఆ అక్షరాలు తక్కిన అక్షరాలకంటే నల్లగా, వేరే చేతి రాతలా ఉండి, వాటి వెనుక మసక మరకలాంటి బూడిదరంగు కనిపిస్తే, అక్కడ అంతకుముందు మరొక పేరు ఉండేదని అర్థం.

రేకుల చరిత్రలో మీ తోబియాకు సంబంధించిన ఒక కథ ఉంది. దాన్ని చెప్పకుండా ఉండలేం. ఆడమ్ ఎల్‌షైమర్ రాగిరేకు మీద రంగులతో వేసిన చిన్న తోబియా చిత్రాన్ని హెండ్రిక్ హౌట్ 1608లో చెక్కాడు. మరొక తోబియా చిత్రాన్ని 1613లో చెక్కాడు. ఆ రెండవదాన్ని ఆధారం చేసుకుని హెర్కులెస్ సేఖర్స్ అనే డచ్చి కళాకారుడు విశాలమైన ప్రకృతి నడుమ తోబియా, దేవదూతల ఎచింగ్ (గీతలను ఆమ్లంతో రేకులోకి దించి అచ్చు వేసే చిత్రం) ఒకటి చేశాడు. ఆయన పోయాక ఆ రేకు రెంబ్రాంట్ చేతికి వచ్చింది. రెంబ్రాంట్ సుమారు 1653లో ఆ ఇద్దరినీ గీకి తీసేసి, ఆ స్థానంలో ఐగుప్తుకు పారిపోతున్న మరియ, యోసేపు, శిశువులను పెట్టాడు. కొండలూ లోయలూ చాలావరకు సేఖర్స్‌వే ఉంచాడు. కాని దేవదూత రెక్క పెద్దది, రాగి గట్టిది. ఆ చిత్రపు ప్రతిని దగ్గరగా చూస్తే పవిత్ర కుటుంబం పైన ఉన్న చెట్ల గుబురులో రఫాయేలు రెక్క గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. రెంబ్రాంట్ సొంత రేకులకూ ఇదే గతి పట్టింది. రోగులను స్వస్థపరుస్తున్న క్రీస్తును చూపే ‘వంద గిల్డర్ల చిత్రం’ సుమారు 1648 నాటిది. దాని రేకును 18వ శతాబ్దంలో విలియమ్ బెయిలీ అనే సైనికాధికారి కొని, అరిగిన గీతలకు పదును పెట్టి ప్రతులు తీసి, తరువాత రేకునే నాలుగు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఒక్కో చిత్రంగా అచ్చు వేశాడు. అది సాహసమో అపచారమో మీరే అనుకోండి, మాకు మాత్రం ఆ కోతను క్షమించడం కష్టంగా ఉంది.

కాబట్టి ఇక్కడ సాక్షి కాగితమే. చిత్రాన్ని చట్రంలోంచి తీసి, పగటి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. దగ్గరదగ్గరగా సన్నని గీతలూ, వాటికి అడ్డంగా సుమారు రెండున్నర సెంటీమీటర్ల ఎడంలో మరికొన్ని గీతలూ కనిపిస్తే అది లెయిడ్ కాగితం. చేతితో కాగితం తీసే తీగల జల్లెడ ఆ గీతలను మిగుల్చుతుంది. ఏ గీతలూ లేకుండా వస్త్రంలా సమంగా ఉంటే అది వోవ్ కాగితం. ఐరోపా పుస్తకాలలో దాని వాడకం 1757లో ఇంగ్లండు ముద్రాపకుడు బాస్కర్‌విల్ అచ్చు వేసిన వర్జిల్ కావ్యాలతో మొదలైంది. మీది వోవ్ కాగితమైతే, రేకు మీద 1598 ఉన్నా కాగితం అంతకు కనీసం ఒకటిన్నర శతాబ్దం తరువాతిదే. ఇందులో వాదనకు తావు లేదు. లెయిడ్ కాగితమైతే మాత్రం వెంటనే సంతోషించకండి, తరువాతి కాలంలోనూ అలాంటి కాగితం తయారయింది. అందులో ద్రాక్షగుత్తి, విదూషకుడి తల, డాలు వంటి నీటిగుర్తు (కాగితం తయారీలోనే పడి, వెలుతురుకు ఎదురుగా పడితే కనిపించే గుర్తు) ఏదైనా దొరికితే దాన్ని పలచని కాగితం మీద ఎత్తి రాసుకోండి. 1600 వరకు వాడుకలో ఉన్న నీటిగుర్తులను 16,000కు పైగా సేకరించి బ్రికే అనే స్విస్ పరిశోధకుడు 1907లో ప్రచురించాడు. పరిశోధకులు ఇప్పటికీ మొదట తెరిచే పుస్తకాలలో అదొకటి.

తరువాత చిత్రం చుట్టూ ఉన్న అంచును చూడండి. తడిపిన కాగితాన్ని రేకు మీద పరచి రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కడం వల్ల, రేకు అంచు కాగితంలో దిగి నాలుగు వైపులా గాడిలాంటి గుర్తు పడుతుంది, దీన్నే పలక గుర్తు అంటారు. రేకులో చెక్కిన గీతల గాడుల్లో నింపిన సిరా కాగితం మీదికి ఎక్కి నిలబడుతుంది కాబట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా వంచి చూస్తే నల్లని గీతలు కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం కింద గీతలు క్రమబద్ధమైన చుక్కలుగా విడిపోతే అది ఫోటో ఆధారంగా తీసిన తరువాతి కాలపు ప్రతి. అలా కాక, బురిన్ అనే మొనదేలిన ఉలి చెక్కిన గీత సన్నగా మొదలై, మధ్యలో బలిసి, మళ్లీ సూదిమొనలా ముగియాలి. దేవదూత రెక్కల ఈకల దగ్గర ఇది బాగా తెలుస్తుంది. రేకు కొత్తగా ఉన్నప్పుడు తీసిన ప్రతులలో, లాటిన్ పద్యం అక్షరాలకు పైనా కిందా, వరస తప్పకుండా ఉండడానికి పనివాడు గీసుకున్న వెంట్రుకవాసి గీతలు కూడా ఒక్కోసారి కనిపిస్తాయి. కొన్ని వందల ప్రతులు తీసేసరికి ముందుగా అరిగిపోయేవి అవే. అవి ఉంటే మీ ప్రతి తొలి అచ్చులలోనిది కావడానికి అవకాశం ఎక్కువ. ఆకాశం, నీళ్ల దగ్గరి లేత గీతలు మాసిపోయి, ముదురు నీడలు మాత్రమే మిగిలి ఉంటే ఆలస్యంగా తీసిన ప్రతి అనుకోవచ్చు. విలువ కూడా ఈ తేడా మీదనే ఎక్కువగా ఆధారపడుతుంది. సంవత్సరం ఒక్కటీ చూసి ధర చెప్పేవారిని నమ్మకండి.

ప్రశ్న: ధర్మశాస్త్రపు పలకలు పట్టుకున్న మోషే చిత్రం ఒకటి చూశాను. ఆయన నుదుటి మీద రెండు కొమ్ములున్నాయి. ఇది మోషేను అవమానించడానికి ఎవరైనా తరువాత చెక్కించినదా?

జవాబు: కాదు, అవి భక్తితో చెక్కినవే. నిర్గమకాండం 34వ అధ్యాయంలో మోషే సీనాయి కొండ దిగి వచ్చినప్పుడు ఆయన ముఖం ప్రకాశించిందని ఉంది. అక్కడి హీబ్రూ క్రియ ‘కరన్’, కొమ్ము అనే అర్థమిచ్చే ‘కెరెన్’ ఒకే హల్లులతో రాసేవి. ప్రాచీన హీబ్రూ రాతలో అచ్చుల గుర్తులు లేవు. లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ అక్కడ కొమ్ములు అనే అర్థం వచ్చే మాట వాడాడు. ఆ లాటిన్ పాఠం చదివిన శిల్పులు, చిత్రకారులు శతాబ్దాల పాటు కొమ్ములే పెట్టారు. రోములో మైకెలాంజెలో చెక్కిన మోషే విగ్రహానికీ అవి ఉన్నాయి. అసలు ఈ రెండు అర్థాలూ ఒకదానికొకటి అంత దూరమైనవి కావు. హబక్కూకు 3:4లో కొన్ని అనువాదాలు కిరణాలని, కొన్ని కొమ్ములని చెప్పేది ఇదే ధాతువుకు చెందిన మాటనే. పొద్దుపొడుపున కొమ్ముల్లా చీలి వచ్చే వెలుగును ఒకసారి ఊహించండి. తరువాతి ఎన్‌గ్రేవింగులలో కొందరు మధ్యేమార్గంగా కొమ్ముల చోట రెండు వెలుగుపాయలను చెక్కారు. మీ చిత్రంలో అవి దృఢమైన కొమ్ములా, పైకి పోయే గీతలా అన్నది మరోసారి చూడండి.

ప్రశ్న: ఎర్రసముద్రంలో మునిగిపోతున్న ఫరో సైన్యం చిత్రం నా దగ్గరుంది. ఎడమ మూల ‘జి. డోరే’ అనీ, కుడి మూల మరొక పేరూ ఉన్నాయి. చుట్టూ పలక గుర్తు లేదు. మోసపోయానా?

జవాబు: పలక గుర్తు లేకపోవడమే ఇక్కడ సరైనది. గుస్తావ్ డోరే బైబిలు చిత్రాలు 1866లో ఫ్రాన్సులోని తూర్ నగరం నుంచి వెలువడ్డాయి. అవి రాగిరేకుల మీద చెక్కినవి కావు, గట్టి బాక్స్‌వుడ్ దిమ్మెల అడ్డకోత ముఖం మీద చెక్కినవి. రాగిరేకులో గాడిలోని సిరా అచ్చవుతుంది. ఇక్కడ, చెక్కకుండా మిగిల్చిన ఉబ్బెత్తు భాగం మీది సిరా అచ్చవుతుంది. అంత ఒత్తిడి అవసరం లేదు కాబట్టి అంచు గుర్తు పడదు. డోరే తన బొమ్మను దిమ్మె మీద గీసి ఇచ్చేవాడు. పిజాన్, పన్నమాకెర్ వంటి పనివారు దాన్ని చెక్కేవారు. కుడి మూల ఉన్న పేరు చెక్కినవారిదే. బాక్స్‌వుడ్ మాను సన్ననిది, పెద్ద చిత్రానికి చాలినంత పలక దాని నుంచి రాదు. అందుకే ముక్కలను బిగించి దిమ్మె తయారు చేసేవారు. నల్లని అలల మధ్య తలవెంట్రుకంత తెల్లని తిన్నని గీత ఒకటి కనిపిస్తే అది ఆ ముక్కల అతుకు కావచ్చు. ఈ బైబిలు అనేక దేశాలలో, అనేక సార్లు అచ్చయింది. కాబట్టి మీది అరుదైన వస్తువు కాకపోవచ్చు గాని, పలక గుర్తు లేదన్న కారణంతో నకిలీ కాదు.

ప్రశ్న: నా దగ్గరున్న పాత ఎన్‌గ్రేవింగు మీద గోధుమరంగు చుక్కలు వచ్చాయి. చిరుగుకు ఎవరో వేసిన ప్లాస్టిక్ టేపు పసుపు మరక మిగిల్చింది. బ్లీచింగ్ నీటిలో కడిగి లామినేషన్ చేయించమని కొందరు సలహా ఇచ్చారు. వెనుక వైపు రెండు అక్షరాలున్న గుండ్రని చిన్న ముద్ర కూడా ఉంది, దాన్ని రబ్బరుతో చెరపవచ్చా?

జవాబు: మూడూ చేయకండి. బ్లీచింగ్ కాగితపు నారను బలహీనపరుస్తుంది. ఈరోజు తెల్లబడిన కాగితం కొన్నేళ్లకు పెళుసుబారుతుంది. లామినేషన్‌ను వెనక్కి తీయడం దాదాపు అసాధ్యం, అది చేసిన చిత్రానికి సేకర్తల దృష్టిలో విలువ ఉండదు. టేపును మీరే లాగితే పైపొర కూడా దానితో లేచి వస్తుంది. దాన్ని కాగితాల సంరక్షణ తెలిసిన నిపుణులు తీయాలి. గోధుమరంగు చుక్కలు ఎక్కువగా తేమ వల్ల, బూజు వల్ల, కాగితంలోని ఇనుప రేణువుల వల్ల వస్తాయి. తేమ తగ్గితే అవి పెరగడం ఆగుతుంది. చిత్రం వెనుక చెక్కపలక గాని మామూలు అట్ట గాని ఉంటే తీసేసి, ఆమ్లం లేని అట్టను పెట్టించండి. గాజు చిత్రానికి తగలకుండా మధ్యలో కిటికీ కోసిన అట్ట ఉండాలి. చిత్రాన్ని నాలుగు వైపులా అతికించకుండా, పైన రెండు చోట్ల పలచని జపాను కాగితపు పట్టీలతో, గోధుమ గంజితో వేలాడదీయాలి. ఎండ పడే గోడ మీద పెట్టవద్దు. చట్రంలో ఇమడడం లేదని అంచులు కత్తిరించనివ్వకండి. పలక గుర్తు దాటి కోసిన ప్రతికి విలువ బాగా పడిపోతుంది.

వెనుకనున్న ఆ గుండ్రని ముద్ర మరక కాదు, పూర్వం దాన్ని దాచుకున్న సేకర్త గుర్తు అయి ఉండవచ్చు. అలాంటి ముద్రలను ఫ్రిట్స్ లుఖ్ట్ 1921లో ఒక గ్రంథంగా కూర్చాడు, 1956లో అనుబంధం తెచ్చాడు. ముద్రను దాని కొలతతో సహా ఫోటో తీసి, ఆ జాబితాతో పోల్చి చూడండి. ఎవరిదో తేలితే, మీ చిత్రం ఏ కాలంలో ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది. చట్రం వెనుక అతికించిన పాత కాగితం ముక్కలు, పెన్సిలు రాతలు ఉంటే వాటినీ పారేయకుండా ఒక కవరులో పెట్టి చిత్రంతోపాటే ఉంచండి.